పురుగుమందు పద్దు

వాతావరణం ఎలా పాడయిందో మా జిల్లా వరకు చరిత్ర రాయదలిచినవాళ్ళు ఉష్ణోగ్రతల పట్టికలు ముందేసుకుని కూర్చోనక్కర్లేదు. చిలకలూరిపేటలో ఎరువులు, పురుగుమందులు అమ్మిన దుకాణాల పాత బాకీ పుస్తకాలు దొరికితే చాలు. ఏ ఊరి రైతు ఏ తేదీన ఎన్ని బస్తాల యూరియా తీసుకెళ్ళాడో, ఎన్ని లీటర్ల మందు పట్టుకెళ్ళాడో, ఎంత వడ్డీకి రాశామో, ఆ ఏడు పత్తి వేశాక ఎంత జమ పడిందో, ఎంత మిగిలిపోయిందో అన్నీ ఉంటాయి. అలాంటి దుకాణంలో నేను 1979 నుంచి గుమస్తాగా పద్దులు రాశాను. కాబట్టి ఈ వ్యాసం శాస్త్రవేత్తది కాదు, ఉద్యమకారుడిదీ కాదు. లెక్కలు రాసినవాడిది.

మాది పర్చూరు దగ్గర పల్లె. పుట్టినప్పుడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా విడిపోయి, రెండేళ్ళకు దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టాక ప్రకాశం జిల్లా వాళ్ళమయ్యాం. 2022 నుంచి బాపట్ల జిల్లా. కాగితం మీద ఎన్ని మారినా కాలికి అంటుకునేది అదే నల్లరేగడి. ఆ రేగట్లో మా తాతల నాడు జొన్న, వరిగ, కంది, పొగాకు, పొట్టి పింజ పత్తి పండేవి. ఆ పత్తి దూదికి కాస్త ఎర్రటి ఛాయ ఉండేదట. గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి అది తెల్లదొరల చేతికి పోయేటప్పుడు కాకినాడ రేవు పేరు మీద కోకనాడాస్ పత్తి అయ్యేది. దిగుబడి తక్కువే. దానికి పురుగు పట్టేది కాదని చెప్పను, పట్టేది. కానీ పురుగు కోసం అప్పు చేసినవాడు లేడు.

1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్ళు వదిలారు. అద్దంకి, మార్టూరు వైపు మాగాణి అయిన చోట వరి వచ్చింది. కాలువ అందని చోట, అందీ అందని చోట పత్తి, మిరప పెరిగాయి. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఎంసీయూ-5 పొడుగు పింజ పత్తికి మిల్లులవాళ్ళు మంచి ధర పెట్టేవారు. డెబ్బయ్యో దశకం చివర మా పేట మీదుగా పోయే పత్తి బోరేల బళ్ళు, లారీలు చూసినవాళ్ళకు ఆ వైభవం గుర్తుంటుంది. పెంకుటిళ్ళు డాబాలయ్యాయి. పిల్లలు ఇంజనీరింగుకి పోయారు. మా జిల్లాల నుంచి వరంగల్లు, ఖమ్మం, ఆదిలాబాదు వైపు పోయి భూములు కొనో, కౌలుకు తీసుకునో పత్తి, మిరప వేసిన కుటుంబాలు ఎన్నో. వాళ్ళతో పాటు విత్తనమూ పోయింది, మందు డబ్బా కూడా పోయింది.

దుకాణం పద్ధతి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. రైతు జూన్‌లో వస్తాడు. విత్తనం, ఎరువు, మందు అరువు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, గట్టివాడు కాకపోతే మూడు. పంట వచ్చాక పత్తి మా వాళ్ళ కాటాకే తోలాలి. ధర ఆ రోజు మేం చెప్పిందే. పురుగు పేరు రైతు చెప్పాల్సిన పనిలేదు, ఆకు తెచ్చి బల్ల మీద పెడితే డబ్బా ఇచ్చేవాళ్ళం. వ్యవసాయాధికారి ఊళ్ళోకి వచ్చేలోపు మూడు పిచికారీలు అయిపోయేవి. సలహా ఇచ్చేదీ, సరుకు అమ్మేదీ, అప్పు పెట్టేదీ, పంట కొనేదీ ఒక్క మనిషే అయినప్పుడు సరుకు ఎక్కువే వాడమంటాడు. ఇందులో యజమాని చెడ్డతనం వెతకనక్కర్లేదు, ఆ పద్ధతే అంత.

ఎనభయ్యో దశకం మొదట్లో సింథటిక్ పైరెత్రాయిడ్లు వచ్చాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్, డెల్టామెత్రిన్. మొదటి ఏడాది అద్భుతంగా పనిచేశాయి. పొద్దున కొడితే సాయంత్రానికి పచ్చపురుగు రాలిపోయేది. పురుగుతో పాటు దాన్ని తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు, కందిరీగలు కూడా పోయాయి. వాటి అడ్డు లేకపోయేసరికి 1984 తర్వాత తెల్లదోమ విరుచుకుపడింది. దోమ విసర్జించే జిగురు మీద మసి పట్టి ఆకు నల్లబడేది, పింజ నల్లబడేది. దోమ కోసం ఇంకో మందు, దాంతో కలిపి మరో మందు. ఒక పంటకు ఇరవై సార్లు, ఆ పైన కొట్టిన ఖాతాలు నా చేత్తో రాశాను. 1987లో పచ్చపురుగు మళ్ళీ వచ్చింది. ఈసారి పైరెత్రాయిడ్లకు చావలేదు. ఆంధ్ర నుంచి సేకరించిన పురుగులు మందుకు లొంగడం లేదని విదేశీ పత్రికల్లో కూడా తర్వాత పరిశోధన పత్రాలు వచ్చాయి. మాకు అంతకు ముందే తెలిసింది, ఎందుకంటే జమ వైపు ఖాళీగా ఉండిపోయింది.

1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. దేశంలో రైతుల ఆత్మహత్యల చర్చ అక్కడ మొదలైందని చెప్పొచ్చు. వరంగల్ పేరు ఆ తర్వాత పదేళ్ళకు వినపడింది. తాగింది ఏ మందో, ఏ డబ్బాలోదో పుస్తకంలో ఉంటుంది. అంతకంటే దాని గురించి రాయను.

గుంటూరు దగ్గర లాం ఫారం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పైరెత్రాయిడ్లు మానండి, పత్తి కట్టె చేల్లో ఉంచకండి, చుట్టూ జొన్న, ఆముదం వేయండి అన్నారు. తెల్లదోమను కొంత తట్టుకునే ఎల్‌కే-861 లాంటి రకాలిచ్చారు. కానీ మా నేలలో పెద్ద మార్పు ఎవరి సలహాతోనూ రాలేదు. పత్తికి దండం పెట్టిన రైతులు తొంభైల తర్వాత శనగకు తిరిగారు. ఇంకొల్లు, పర్చూరు, నాగులుప్పలపాడు వైపు పొగాకు, పత్తి పోయిన రేగళ్ళలో జేజీ-11, ఆ తర్వాత కాక్-2 కాబూలీ శనగ నిండిపోయింది. అక్టోబరులో వేస్తే నేల తేమతోనే పండుతుంది, యూరియా దాదాపు అక్కర్లేదు, మందు రెండు మూడు సార్లు. గాలిలోకి పోయే, వేడి పెంచే వాయువులు తగ్గించాలని ఏ సభా తీర్మానించకుండానే లక్షల ఎకరాల్లో ఆ పని జరిగిపోయింది. దానికి ఎవరూ బహుమతి ఇవ్వలేదు. 2013 ప్రాంతంలో ధర పడిపోయి శనగలు కోల్డ్ స్టోరేజీల్లో ఏళ్ళ తరబడి మూలిగితే, వాటి మీద అప్పిచ్చిన బ్యాంకులు వేలం నోటీసులు మాత్రం ఇచ్చాయి.

ఇక్కడ నా చిన్న లెక్క ఒకటి చెప్తాను. ఇప్పుడు యూరియా బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. అంతర్జాతీయ లెక్కల్లో స్థూలంగా ఒక శాతం నత్రజని నైట్రస్ ఆక్సైడుగా గాలిలో కలుస్తుందంటారు. ఆ వాయువు కార్బన్ డయాక్సైడు కంటే 273 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. లెక్కేస్తే 89 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం. యూరియా కరిగేటప్పుడు నేరుగా విడుదలయ్యేది ఇంకో 33 కిలోలు. మొత్తం 122. ఫ్యాక్టరీలో గ్యాసు కాల్చినది ఇందులో లేదు. ఒక బస్తా చేలో చల్లితే ట్రాక్టరులో 45 లీటర్ల డీజిలు కాల్చినట్టే. నీటి వసతి ఉన్న మిరపకు విశ్వవిద్యాలయం సిఫార్సే ఎకరానికి 120 కిలోల నత్రజని, అంటే ఆరు బస్తాల దగ్గర. మా రైతులు సిఫార్సు దగ్గర ఆగితే మహానుభావులే. బస్తా రూ. 266.50 అయినప్పుడు ఎందుకు ఆగుతారు?

ఇంత లెక్కా నేను దుకాణం మానేశాక నేర్చుకున్నదే. లెక్కేసి చూసే అలవాటు నేర్పింది మాత్రం మా వదిన. ఆమె అయిదో తరగతి దాటలేదు, గ్రామ సమాఖ్యలో లెక్కలు చూసేది. ఆమె లెక్క వేడిమి గురించి కాదు, వడ్డీ గురించి. డ్వాక్రా సంఘాలన్నీ కలిసి ఊరికో సమాఖ్య, మండలానికో సమాఖ్య అయ్యాయి కదా. వెలుగు పథకం నాటి నుంచి వాటి వెనక ఉన్నది గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్. సంఘాల్లో ఆడవాళ్ళు తీసుకున్న అప్పులు ఎక్కడికి పోతున్నాయని చూస్తే పిల్లల చదువుకో, గేదెకో కాదు, సగం మందుల దుకాణానికి పోతున్నట్టు తేలింది. “మరిదీ, మేం పొదుపు చేసిందంతా మీ కొట్టుకే చేరుతోందయ్యా, ఇంక మా సంఘం ఎందుకు, మీ కొట్టే ఊరికి సమాఖ్య అని బోర్డు పెట్టుకోండి” అని ఎగతాళి చేసేది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే నిజమే.

పురుగుమందులు లేని సేద్యం అప్పటికే కొన్ని చోట్ల నడుస్తోంది. రాజమండ్రి పొగాకు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా చేసిన ఎం.ఎస్. చారిగారు, ఆ తర్వాత 2004లో ఏర్పడిన సుస్థిర వ్యవసాయ కేంద్రం వాళ్ళు, అందులోని రామాంజనేయులుగారు, దాన్ని తెలంగాణ పల్లెల్లో నిలబెట్టారు. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు 2003–04 నాటికి పురుగుమందు పూర్తిగా మానేసింది. ఆ వైపు పత్తి, మిరప, మందులు మా గుంటూరు వలస రైతులతోనే వచ్చాయని అక్కడివాళ్ళు చెబుతారు. రోగం మనం పంపితే వైద్యం వాళ్ళు పంపారన్నమాట. అదే సేద్యాన్ని సెర్ప్ 2005–06లో పాతిక వేల ఎకరాలతో మొదలుపెట్టి నాలుగేళ్ళలో 13 లక్షల ఎకరాలు దాటించిందనీ, మూడు లక్షల మందికి పైగా రైతులు చేరారనీ, ఎకరా పత్తికి మందుల ఖర్చు 5 వేల నుంచి వెయ్యికి, మిరపకు 15 వేల నుంచి 2 వేలకు దిగిందనీ ప్రపంచ బ్యాంకు 2009లో రాసింది. మిరప అంకె దగ్గర నాకు అనుమానం ఉంది. దిగినవాళ్ళకు దిగింది నిజమే. కానీ దిగని వాళ్ళు మా పుస్తకాల్లోనే ఉండిపోయారు.

ఈ సేద్యానికి మా ఊళ్ళో ప్రణాళిక ఎలా జరిగిందో చెప్పాలి. రామాలయం ముందు అరుగు కింద నేల ఊడ్చి, ముగ్గుతో ఊరి పటం వేశారు. చెరువు, డొంక, మాల పల్లె, మాదిగ పల్లె, చేలు. సొంతదారు సాగు చేసుకునే చేలో పసుపు, కౌలు చేలో కుంకుమ వేయమన్నారు. మొదట అందరికీ సరదా. వేయడం అయ్యాక చూస్తే మిరప వేసే చేలన్నీ ఎర్రగా ఉన్నాయి. సొంతదారులు పేటలోనో, గుంటూరులోనో, హైదరాబాదులోనో, ఇంకా దూరం అమెరికాలోనో ఉంటే సాగు చేసేది వేరొకరు. ఏం కషాయం కాయాలి, ఎవరి చేలో ముందు మొదలుపెట్టాలి అని మాట్లాడటానికి కూర్చున్నవాళ్ళు ఆ పూట ఎవరిది భూమి, ఎవరిది నష్టం అనే దగ్గర ఆగిపోయారు.

తీసుకున్న నిర్ణయాల్లో కొన్ని నాకు ఇప్పటికీ నచ్చుతాయి. వేపపండ్లు జూన్, జూలై నెలల్లో రాలి తొక్కుడుపడి పోయేవి. వాటిని ఏరి ఎండబెట్టి తెస్తే సమాఖ్య కిలో లెక్కన కొంటుందని చెప్పారు. భూమి లేని ఆడవాళ్ళకు ఆ రెండు నెలలు చేతిలో డబ్బు ఆడింది. ఒక ఒంటరి మహిళకు అప్పు ఇచ్చి వేపగింజల పొడి, దశపర్ణి కషాయం, పసుపు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు అమ్మే చిన్న దుకాణం పెట్టించారు. మా యజమానికి పోటీ అన్నమాట. భూమి లేని కుటుంబాలకు అర ఎకరం కౌలుకు ఇప్పించి, 36 మీటర్ల పొడుగు, 36 మీటర్ల వెడల్పు మడిలో వరి, గట్ల మీద కూరగాయలు, పండ్ల మొక్కలు వేయించే పద్ధతి కూడా సెర్ప్ తెచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. మందు పంపు భుజానికెత్తుకుని రోజు కూలికి కొట్టే పడుచువాళ్ళకు ఆ పని పోయింది. వాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల వాళ్ళు. మందు తగ్గితే ముందు బాగుపడేది వాళ్ళ ఊపిరితిత్తులే, ఆ మాట నిజం. కాని కూలి పోయిన రోజు ఊపిరితిత్తుల సంగతి ఎవరికి గుర్తొస్తుంది? ఇటు రెండు వందల లీటర్ల డ్రమ్ము కలపడం, మోయడం ఆడవాళ్ళ మీద పడింది. ఏటా జనవరి నుంచి మిరపకాయ కోతలకు కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి పిల్లా జెల్లాతో దిగే కూలీలు ఆ మందు చేలల్లోనే ఉంటారు, ఆ కాయ ఘాటులోనే నిద్రపోతారు. ఊరి పటంలో వాళ్ళకు ముగ్గు గీత కూడా లేదు. ఆ సంగతి అప్పుడే ఒక ఆమె ఎత్తింది, తరువాత సంవత్సరం చూద్దామన్నారు.

రాష్ట్రం విడిపోయాక పథకం పేరు మారింది. 2014లో రైతు సాధికార సంస్థ పెట్టారు. సెర్ప్ నడిపిన టి. విజయ్ కుమార్‌గారే అక్కడికీ వచ్చారు. మహారాష్ట్ర నుంచి సుభాష్ పాలేకర్ వచ్చి పెట్టుబడి లేని ప్రకృతి సేద్యం మీద శిక్షణలిచ్చారు. నాగార్జున విశ్వవిద్యాలయం ఆవరణలో 2017 చివర మొదలైన శిక్షణకు వేలమంది రైతులు వచ్చారు, నేనూ తొంగి చూశాను. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి, రెండు వందల లీటర్ల నీళ్ళు. ఇదీ జీవామృతం. నా పక్కన కూర్చున్న ఒంగోలు వైపు రైతు నవ్వి, “బెల్లం, పిండి, మట్టి, అన్నీ ఉండయ్యా. ఆవు ఏదీ?” అన్నాడు. ట్రాక్టరు వచ్చాక, పత్తి వచ్చాక మేత జొన్న పోయింది, మేత పోయాక ఒంగోలు గిత్తలు పందేలకు మిగిలాయి. అదే జాతి సంతతి బ్రెజిల్లో నెల్లోర్ పేరుతో మందలు మందలుగా ఉంది. మాకు ఇక్కడ బక్కెట్టు పేడకు పక్క ఊరు పోవాలి.

2018 జూన్‌లో ప్రభుత్వం పెద్ద మాట అంది. 2024 కల్లా రాష్ట్రంలోని 60 లక్షల మంది రైతులూ, 80 లక్షల హెక్టార్లూ రసాయనాలు లేని సేద్యంలోకి వస్తాయని. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం మద్దతు, విదేశీ బ్యాంకుల పెట్టుబడి అని పత్రికలు రాశాయి. మరుసటి ఏడాది జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఈ పెట్టుబడి లేని సేద్యానికి శాస్త్రీయ రుజువులు చాలవంది. నాకు రెండు పక్షాల మాటల్లోనూ లోపమే కనపడింది. ఒకరు మనుషులను అంకెలుగా చూశారు, ఇంకొకరు రైతు చేలో ఏం జరుగుతోందో చూడకుండానే మాట్లాడారు. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి మన సామాజిక ప్రకృతి వ్యవసాయానికీ, నేల శాస్త్రవేత్త రత్తన్ లాల్‌గారికీ, ఈజిప్టు సెకెమ్ సంస్థకూ కలిపి ఇచ్చారు. అప్పుడు చెప్పిన లెక్క పది లక్షలకు పైగా రైతులు, అయిదు లక్షల హెక్టార్లు. తక్కువేమీ కాదు. కాని 60 లక్షలు ఏమయ్యాయని అడిగినవాడు లేడు.

నేను చూసినంతలో, వరిలో, వేరుశనగలో, పెరటి కూరగాయల్లో, వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచే పద్ధతిలో ఇది నిలబడింది. మిరపలో నిలబడలేదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు రోజు మార్చి రోజు మందు కొట్టినవాళ్ళ తోటలు కూడా పూత రాలి మిగిలాయి. ఎకరాకు లక్షల్లో పోయింది. ప్రకృతి సేద్యం చేసినవాళ్ళకు దిగుబడి కాస్త నయమని వదిన వాళ్ళు చెప్పారు. నష్టం తక్కువ అన్న మాట నేను నమ్ముతాను, ఖర్చు తక్కువ గనక. కానీ అలా చేసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కబెట్టేటంత మందే.

కారణం పురుగు కాదు, ఆ పటంలో కుంకుమ. నేల బాగుపడటానికి మూడేళ్ళు పడుతుందని శిక్షణలో చెబుతారు. కౌలు ఒప్పందం 11 నెలలు. 2011 చట్టంలో కౌలుదారు కార్డుకు భూయజమాని సంతకం అక్కర్లేకపోయేది. 2019 చట్టంలో కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని సొంతదారు భయం. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం లేదు, మళ్ళీ దుకాణం అరువే గతి. మిరపకు రొక్కం కౌలు ముందే కట్టాలి. కట్టినవాడు ఈ ఏడే పిండుకోవాలి. పై ఏడు ఎవరి చేతిలో ఉంటుందో తెలియని నేలకు పేడ ఎందుకు తోలుతాడు? యూరియా చల్లుతాడు. నా లెక్క ప్రకారం బస్తాకు 122 కిలోలు. ఆ తప్పు కౌలుదారుడి మీద వేసేవాళ్ళు ముందు కౌలు ఎవరు తింటున్నారో చూడాలి.

ఈ సంగతి సమాఖ్యకు ఏనాడో తెలుసు. పోయిన వేసవిలో వదిన, ఇంకో నలుగురు కలిసి ఊరి సొంతదారులకు ఫోన్లు చేశారు, ఎక్కువ మంది డల్లాస్‌లో, న్యూజెర్సీలో. అడిగింది ఒకటే. మిరప చేలకు మూడేళ్ళు ఒకే కౌలుదారు, మూడేళ్ళూ అదే కౌలు, కార్డుకు సంతకం. బదులుగా నేల పరీక్ష ఏటా చేయించి కాగితం పంపుతాం, నేల దిగజారితే సమాఖ్య పూచీ. ఒకాయన బాగా చదువుకున్నవాడు, కంపెనీలో కర్బనం తగ్గించే పని చేస్తాడట, మీరు చేస్తున్నది చాలా గొప్ప పని అని ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు. సంతకం గురించి మాత్రం నాన్నగారిని అడిగి చెబుతానన్నాడు. ఇద్దరు ఒప్పుకున్నారు. కలిపి ఏడెకరాలు. మిగతావాళ్ళతో మాట్లాడటానికి సమాఖ్య సంక్రాంతికి వచ్చే తేదీలు కనుక్కుంటోంది. ఆ ఏడెకరాల కౌలు కాగితం నా చేతే రాయించారు.